వాషర్ మీద వాషర్: ఒక పాత ఇన్నోవా ఇంజెక్టర్ల కేసు

కార్తీకమాసం మొదటి వారం. అరకు బేరాలు ఊపందుకునే రోజులు. ఉదయం ఎనిమిదిన్నరకి కంచరపాలెంలో మా షెడ్డు ముందు పసుపు బోర్డు ఇన్నోవా ఒకటి వచ్చి ఆగింది. బండి ఆగింది గానీ బానెట్టు వణుకు ఆగలేదు. డ్రైవరే ఓనరు. అరవైకి దగ్గరగా ఉంటాడు, పదేళ్లుగా తెలిసినవాడు, బాబాయ్ అంటాను. చిన్న పనులకి నా దగ్గరికి వస్తాడు, పెద్ద పనైతే ఎక్కడ తక్కువంటే అక్కడికి పోతాడు. ఇంజిన్ ఆపకుండానే దిగి, "బావూ, ఇంజెక్టర్లు పోనాయి. నాలుగూ మార్చీ. రేటెంతో చెప్పు" అన్నాడు. ఇంజెక్టరంటే సిలిండర్లోకి డీజిల్‌ని సన్నని జల్లుగా కొట్టే భాగం.

"పోయాయని ఎవరన్నారు బాబాయ్?"

"ఒకరు అనడమేటి? నిరుడూ ఇదే జబ్బు. అప్పుడు నాలుగూ మార్పించాను కదా. మళ్లీ అలాగే కొడతంది."

నాలుగు ఇంజెక్టర్లు మార్చిన బండి పద్నాలుగు నెలలకే అదే జబ్బుతో తిరిగొచ్చిందంటే, రెండే మాటలు. వేసిన సరుకైనా మంచిది కాదు, లేదా అప్పట్లో అసలు జబ్బు ఇంజెక్టరే కాదు. ఈ బండి విషయంలో మూడో సంగతి ఒకటి బయటపడింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

బండి 2008 మోడల్. 2.5 లీటర్ల డీ-ఫోర్-డీ ఇంజిన్, 2494 సీసీ, నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, డెన్సో కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే గొట్టంలోంచి గట్టి ఒత్తిడితో డీజిల్ అందే పద్ధతి). క్వాలిస్ పోయి ఇన్నోవా వచ్చింది 2005లో. 2016లో క్రిస్టా వచ్చేదాకా మన రోడ్ల మీద తిరిగిన డీజిల్ ఇన్నోవాలన్నిటి గుండె ఇదే. మీటరు 4,12,000 దాటింది. ఈ ఇంజిన్‌కి అదేం పెద్ద వయసు కాదు. ఆయిల్ సరిగా మారిస్తే ఐదు లక్షలు దాటిన బండ్లు నా చేతుల మీదుగానే వెళ్లాయి.

ఓనరు చెప్పిన లక్షణాలు ఇవి. పొద్దున్నే మొదటి సెల్ఫ్‌కి అందుకోదు, అందుకున్నాక రెండు నిమిషాలు మిస్సింగ్, తెల్ల పొగ. శృంగవరపుకోట దాటి ఘాటీ ఎక్కేటప్పుడు పికప్ లేదు. అనంతగిరి దాకా రెండో గేరులోనే లాక్కెళ్లాల్సి వస్తోంది. లీటరుకి పన్నెండు ఇచ్చేది తొమ్మిదికి దిగింది. ఏసీ వేస్తే లోపల కాలిన వాసన. ఈ చివరిది ఆయన చివర్లో, అదేదో చిన్న విషయమన్నట్టు చెప్పాడు. "పాసింజర్లు ముక్కు మూసుకుంటన్నారు బావూ, సెంటు కొట్టాను" అన్నాడు.

నాకు చెవి నిక్కబొడుచుకుంది ఆ మాటకే. పొగ, మిస్సింగ్, మైలేజీ, ఇవన్నీ ఇంజెక్టరు వల్ల రావచ్చు. కాలిన గ్యాసు బానెట్టు కింద తిరుగుతోందంటే మాత్రం ఎక్కడో సిలిండరుకి మూత సరిగా పడలేదు.

ఆయిల్ లైటు

బానెట్టు ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ మూత తీశాను. కుక్క రొప్పినట్టు పొగ ఉఫ్ ఉఫ్ మని కొడుతోంది. షెడ్డులో పిల్లలు దీన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు, అంటే సిలిండరు గ్యాసు వెనక్కి కొట్టడం. అనగానే పిస్టను చుట్టూ ఉండే రింగులు పోయాయి, ఇంజిన్ ఓపెన్ చెయ్యాలి అంటారు. తొందర వద్దన్నాను. ఊపిరి సమంగా లేదు. మూడు మెత్తని ఊపిర్లు, ఒక గట్టి ఊపిరి, అదే వరసలో. నాలుగు లక్షలు తిరిగిన బండికి రింగులు అరిగితే సాధారణంగా నాలుగూ ఒకేలా అరుగుతాయి. ఒక్క సిలిండరే గట్టిగా ఊదుతుంటే చూడాల్సింది దాన్ని.

మూత వెనక టార్చి వేసి చూస్తే కవర్ లోపల రేకుకి నల్లటి పూత, ఎండిన తారులా. గోరుతో గీకితే పొలుసుగా ఊడి వచ్చింది.

అప్పుడు అడిగాను: "బాబాయ్, ఆయిల్ లైటు ఎప్పుడైనా వెలిగిందా?"

"ఎప్పుడో ఒకసారి. ఘాటీ దిగి ఎస్.కోటలో టీకి ఆపినప్పుడు, ఐడిలింగ్‌లో మినుకుమినుకు మంటాది. రేజ్ చేస్తే ఆరిపోతాది. అది వైరు లూజు బావూ."

ఇంజిన్ ఆపించేశాను. తాళం నా జేబులో వేసుకున్నాను. బాబాయ్‌కి కోపం వచ్చింది. మర్నాడు నలుగురు పార్టీని బొర్రా తీసుకెళ్లాలట. బేరం ఇంకో బండికి ఇచ్చెయ్యమన్నాను.

ఎందుకంత భయమో చెప్పాలి. ఈ ఇంజిన్‌లో ఇంజెక్టరు సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్‌లోకి నిలువుగా దిగి, దాని అడుగున ఒక చిన్న రాగి వాషర్ మీద కూర్చుంటుంది. మంటకీ బయటి ప్రపంచానికీ మధ్య అడ్డు ఆ వాషరొక్కటే. అది సరిగా పట్టకపోతే మండిన గ్యాసు ఇంజెక్టరు పక్కనుంచి పైకి ఎగదన్ని ఇంజిన్ పైమూత, అంటే ట్యాపెట్ కవర్ లోపలికి చేరుతుంది. అక్కడున్నది ఆయిల్. మసి ఆ ఆయిల్‌లో కలిసి, వేడికి గట్టిపడి, పొలుసులుగా కిందికి, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, అంటే చాంబర్‌లోకి దిగుతుంది. చాంబర్ అడుగున ఆయిల్ పంపు పీల్చే గొట్టానికి సన్నని జల్లెడ ఉంటుంది, స్ట్రైనర్. పొలుసులు వెళ్లి దాన్ని మూస్తాయి. పైన డిప్ స్టిక్ చూస్తే ఆయిల్ నిండుగానే ఉంటుంది, లోపల బేరింగులకి మాత్రం అందదు. ఒక రూపాయి బిళ్ళంత కూడా లేని వాషరు ఇలా మెల్లగా ఆ బేరింగుల్లో తిరిగే ఇరుసుని, క్రాంకుని తినేస్తుంది. ఈ ఇంజిన్ల మీద పని చేసేవాళ్లకి ఇది కొత్త కాదు. అయినా ఇంజెక్టర్ల కోసం వచ్చిన బండికి చాంబర్ దించి చూసేవాళ్లు తక్కువ.

స్కానరు చెప్పింది, చెప్పనిది

చాంబర్ దించే ముందు ఉన్న స్థితి ఏమిటో కాగితం మీద పెట్టుకోవాలి, తర్వాత పోల్చుకోవడానికి. ఒక్క రెండు నిమిషాలు ఇంజిన్ నడిపి స్కానరులో ఫీడ్‌బ్యాక్ విలువలు తీసుకున్నాను. ఐడిలింగ్‌లో నాలుగు సిలిండర్ల తోపు సమంగా ఉండేలా కంప్యూటరు ఒక్కోదానికి కొంచెం డీజిల్ పెంచుతుంది, కొంచెం తగ్గిస్తుంది. ఆ హెచ్చుతగ్గుల లెక్కే ఇది. మొదటిది మైనస్ 1.1, రెండోది మైనస్ 0.3, మూడోది ప్లస్ 4.2, నాలుగోది మైనస్ 2.9. మూడు దాటితే అనుమానించాలని మా పనివాళ్ల లెక్క.

మూడో సిలిండరు నీరసంగా ఉంది, అందుకే కంప్యూటరు దానికి ఎక్కువ పోస్తోంది. నాలుగోది ఎక్కువ తోస్తోంది, అందుకే కోత పెడుతోంది. చాలా షెడ్లలో ఈ అంకె చూడగానే "మూడో ఇంజెక్టరు పోయింది" అని రాసిచ్చేస్తారు. నిజం చెప్పాలంటే పదేళ్ల కిందట నేనూ అలాగే రాసిచ్చాను, ఒకటి కంటే ఎక్కువసార్లు. కానీ స్కానరు చెప్పేది ఆ సిలిండరు నీరసం అన్నంతవరకే. ఇంజెక్టరు తక్కువ పోసినా అదే అంకె, వాల్వు సరిగా కూర్చోకపోయినా అదే అంకె, వాషరు లీకైనా అదే అంకె.

పాత అలవాటు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. నేను పని నేర్చుకున్నది అంబాసిడర్, టాటా 407 బండ్ల మీద. ఏ సిలిండరు మిస్ అవుతోందో తెలియాలంటే ఇంజిన్ నడుస్తుండగానే ఒక్కో నాజిల్ పైపు నట్టు పానాతో లూజు చేసేవాళ్లం. ఏది లూజు చేస్తే శబ్దం మారదో అదే దొంగ. పాత పంపు ఇంజిన్లకి అది చెల్లింది. కామన్ రైల్‌లో ఆ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. కంటికి కనపడని సన్నని ధార చర్మంలోంచి దూసుకెళ్లి డీజిల్‌ని కండలో నింపేస్తుంది. పైకి చీమ కుట్టినంత గాయం, లోపల వేలు తీసేసేంత ప్రమాదం. అలా తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆస్పత్రికే పోవాలి. మా షెడ్డులో కొత్తగా చేరిన ఎవరికైనా మొదటి రోజు చెప్పే పాఠం ఇది.

వేడి ఇంజిన్ మీదే గ్లో ప్లగ్గులు, అంటే స్టార్టింగ్‌లో సిలిండరుని వేడెక్కించేవి, మెల్లగా తీసి (చల్లగా ఉన్నప్పుడు తీస్తే విరిగి హెడ్‌లో ఉండిపోతాయి, అప్పుడు అదింకో కేసు), ఆ రంధ్రాల్లోంచి కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండరు గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో, చూశాను. 27, 27, 23, 26 కేజీలు. మూడోది తక్కువ. ఆ మూడోదాంట్లో కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే అంకె కదల్లేదు. రింగులే కారణమైతే ఆయిల్ ఆ సందుల్ని పూడ్చి అంకె పెరగాలి. కాబట్టి గ్యాసు పైనుంచి పోతోంది. వాల్వా, వాషరా అన్నది ఇంజెక్టరు పైకి వస్తేనే తేలుతుంది.

సాయంత్రం చాంబర్ దించాం. ఆయిల్ తార్రోడ్డు వేసేటప్పటి ముద్దలా దిగింది. అడుగున పొలుసులు. స్ట్రైనర్ జల్లెడ సగానికి పైగా మూసుకుపోయి ఉంది, మిగిలిన సగంలోంచే ఈ ఇంజిన్ ఇన్నాళ్లూ ఊపిరి పీల్చింది. బాబాయ్‌ని పిలిచి చూపించాను. ఆయన జల్లెడని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. వైరు లూజు సంగతి మళ్లీ ఎత్తలేదు.

బేరింగు మూత ఒకటి తీసి చూశాను. గీతలున్నాయి, రాగి మాత్రం బయటపడలేదు. అదృష్టం. ఆయన బండిని ఎప్పుడూ గుంజి నడపడు, అదీ కాపాడింది.

మూడో నంబరు

మర్నాడు ట్యాపెట్ కవర్ తీశాం. ఈ ఇంజిన్‌లో ఇంజెక్టర్ల నుంచి మిగులు డీజిల్‌ని వెనక్కి పంపే రిటర్న్ పైపు కవర్ లోపలే ఉంటుంది. దాని సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

బీచ్ గాలికి ఆనుకుని బతికే ఊరు మనది. ఈ బండి రాత్రిళ్లు పెదవాల్తేరులో రోడ్డు మీదే ఉంటుంది. ఉప్పుగాలికి బయటి బోల్టులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె పోసి ఉంచాం. అయినా ఒక్క పైపు నట్టు తల గుండ్రమైపోయింది. పోతే పోయింది, పైపులు ఎలాగూ కొత్తవే వేస్తాం.

ఒకటి, రెండు, నాలుగు ఇంజెక్టర్లు చేతి బలానికే లేచాయి. మూడోది కదల్లేదు. దాని చుట్టూ మసి సిమెంటులా పట్టేసింది. ఇలాంటప్పుడు కుర్రాళ్లు చేసే తప్పు, ప్లాస్‌తో పట్టి మెలితిప్పడం, లేదా కనెక్టరు కింద రాడ్డు పెట్టి లేపడం. ఇంజెక్టరు పైభాగం ఊడి వస్తుంది, అడుగు భాగం హెడ్‌లో ఉండిపోతుంది. చుట్టూ నూనె పోసి నాలుగు గంటలు వదిలేశాం. తర్వాత స్లైడ్ హ్యామర్ (జారే బరువుతో పైకి లాగే సుత్తి) బిగించి చిన్న చిన్న దెబ్బలు. పెద్ద దెబ్బ ఒక్కటీ లేదు. ముప్పావుగంట పట్టింది. "టక్" మని శబ్దం మారినప్పుడు మా కుర్రాడు "వచ్చింది గురువుగారూ" అన్నాడు, నాకంటే ముందు వాడి చెవికే తెలిసింది.

ఇంజెక్టరు వచ్చింది. దాని మొనకి వాషరు అంటుకుని ఉంది. సరే, ఇక వాషరు కూర్చునే సీటు చూద్దామని టార్చి వేసి ఇంజెక్టరు దిగే బోరులోకి చూస్తే అడుగున ఇంకో వాషరు.

నమ్మబుద్ధి కాలేదు. వంగిన తీగతో తాకి చూశాను. వాషరే. పాతది, హెడ్‌కి అతుక్కుపోయినది. నిరుడు ఇంజెక్టర్లు మార్చిన మనిషి పాత వాషరు పైకి రాలేదని గమనించలేదు, లేదా గమనించి కూడా దాని మీదే కొత్తది పెట్టి కూర్చోబెట్టేశాడు. మిగతా మూడింట్లో ఒక్కో వాషరే ఉంది. ఆ షాపు ఎవరిదో నాకు తెలుసు, ఇక్కడ అది అనవసరం. పని ఒత్తిడిలో ఎవరి చేతిలోనైనా జరగొచ్చు. తీసినవి ఎన్ని, వేసినవి ఎన్ని అని బల్ల మీద పెట్టి లెక్కపెట్టుకుంటే మాత్రం జరగదు.

వాషర్ మీద వాషర్ పడితే రెండు నష్టాలు. మొదటిది, ఒకసారి నలిగి గట్టిపడిన పాత రాగి మళ్లీ నలగదు, దాని గరుకు ముఖం మీద కొత్తది సమంగా అతకదు. సన్నగా మొదలైన లీకు మంట తోపుకి దారి చేసుకుంటుంది. రెండోది, ఇంజెక్టరు మొన ఒక వాషరు మందం పైకి జరుగుతుంది. మొన రంధ్రాలు కంటికి సరిగా ఆనవు. వాటిలోంచి వచ్చే జల్లు పిస్టను తలలో ఉన్న గిన్నెలో పడేలా లెక్కకట్టి పెట్టిన ఎత్తు అది. కొద్దిగా జరిగినా డీజిల్ అంచులకి తగులుతుంది, సరిగా మండదు. పొద్దుటి తెల్ల పొగలో దాని వాటా ఎంతో చెప్పలేను గానీ, వాటా ఉంది.

మిగతా కథ దీన్నుంచే. గ్యాసు పక్కనుంచి ఎగదన్నుతుంటే ఇంజెక్టరు మొన పట్టరానంత వేడెక్కింది. బయటికి తీశాక చూస్తే మొన నీలం తిరిగి ఉంది. అంటే ఇంజెక్టరు పోవడం వల్ల లీకు రాలేదు. లీకు వల్లే ఇంజెక్టరు పోయింది.

ల్యాబ్ మాట

నాలుగింటినీ మూతలు పెట్టి, నంబర్లు రాసి, గాజువాక ఆటోనగర్‌లో కామన్ రైల్ టెస్ట్ బెంచ్ ఉన్న ల్యాబ్‌కి పట్టుకెళ్లాను. నేను బెంచ్ కొనలేదు, కొనను కూడా. అది వేరే వృత్తి, వేరే శుభ్రత. బెంచ్ మీద ఇంజెక్టరుని ఐడిలింగ్, మధ్య, ఫుల్ లోడ్ ఒత్తిళ్లలో నడిపి ఎంత పోస్తోంది, రిటర్న్‌కి ఎంత వదిలేస్తోంది కొలుస్తారు.

ఒకటి, రెండు పాసయ్యాయి, అంచు మీద. మూడోది ఫుల్ లోడ్‌లో తక్కువ పోస్తోంది, రిటర్న్ విపరీతం. నాలుగోది ఐడిలింగ్‌లో ఎక్కువ పోస్తోంది. స్కానరు మైనస్ 2.9 చూపించింది దీన్నే. ల్యాబ్ కుర్రాడు నాజిళ్లు విప్పి చూపించి, ఇవి రీకండిషన్ సరుకు, లోపలి వాల్వు పాతదే, నాజిల్ మాత్రం లోకల్‌ది అని చెప్పాడు.

నా లెక్క ప్రకారం మూడు, నాలుగు కొత్తవి కొని, ఒకటి, రెండు ల్యాబ్‌లో ఒరిజినల్ నాజిల్, వాల్వు వేయించుకుంటే సరిపోతుంది. కొత్త ఒరిజినల్ ఒకదాని ధరకి అలాంటివి రెండు వస్తాయి. బాబాయ్‌కి అదే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మళ్లీ కవరు తీస్తే మళ్లీ నీకు కూలి, మళ్లీ పైపులు, మళ్లీ నాకు నాలుగు రోజులు బండి కూర్చోడం. సంక్రాంతికి ఇది ఆగిపోతే నా పని అయిపోతాది. నాలుగూ కొత్తవే తెప్పించీ" అన్నాడు. మెకానిక్కుగా నాది ఒక లెక్క, బండి మీద బతికేవాడిది ఇంకో లెక్క. ఆయన లెక్కే సరైనదనిపించింది. ఇంట్లో వాడుకునే బండైతే మాత్రం నా మాట మీదే నిలబడేవాణ్ని.

కొత్తవి ఎక్కించే ముందు చూడాల్సినది ఒకటుంది. డీజిల్ ఫిల్టరు కోసి, మడతలు విప్పి, తెల్ల గుడ్డ మీద దులిపాను. తుప్పు రంగు మట్టి ఉంది, కొంచెం నీరు ఉంది. వెండి మెరుపు లేదు. ఆ మెరుపు కనపడితే పంపు తనను తాను అరగదీసుకుంటోందన్నమాట. అలాంటి బండికి ఎంత ఖరీదైన ఇంజెక్టరు వేసినా వారాల్లో చెత్తబుట్టే. ట్యాంకు దించి కడిగాం, లైన్లు ఊదాం. ఫిల్టరు ఒరిజినల్ వేశాం. పాతది ఎవరో అంటగట్టిన చౌక సరుకు.

సీటు, బిగింపు

మూడో బోరులోని పాత వాషరుని చిన్న కొక్కెంతో, ఒక పూటంతా కష్టపడి తీశాం. సీటు మీద గ్యాసు కోసిన గాడి ఒకటి. లోతు ఎక్కువ లేదు. ముందు రంధ్రం అడుగున గ్రీజు దట్టించిన గుడ్డముక్క, దారం కట్టి. రజను సిలిండర్లోకి పడితే చేసిన పనంతా వృథా. తర్వాత సీటు కట్టరుకి కూడా గ్రీజు రాసి చేత్తోనే తిప్పాం, డ్రిల్లు మిషను పెట్టకుండా. మూడు చుట్లు, తుడవడం, చూడటం. మళ్లీ రెండు చుట్లు. గాడి పోగానే ఆపేశాం. ఇంకో చుట్టు తిప్పితే ఇంకా నున్నగా వస్తుందనిపిస్తుంది, అక్కడే చెయ్యి ఆగాలి. లోతు కోసుకుంటూ పోతే ఇంజెక్టరు ఈసారి కిందికి జరుగుతుంది. మిగతా మూడు సీట్లకి బ్రష్షు, వాక్యూమ్ సరిపోయాయి.

కొత్త ఇంజెక్టర్ల తల మీద పొడవాటి కోడ్ ముద్రించి ఉంటుంది. ఏ రెండు ఇంజెక్టర్లూ ఫ్యాక్టరీలో అచ్చం ఒకేలా రావు. ఈ ఇంజెక్టరు గుణం ఇది అని కంప్యూటరుకి చెప్పే జాతకం ఆ కోడ్. బిగించక ముందే నాలుగింటినీ ఫోనుతో ఫోటో తీసి, ఏది ఏ సిలిండరుకో కాగితం మీద రాశాను. బిగించాక మెడ వంచి, అద్దం పెట్టి చదవాలంటే చదివే వయసు నాది కాదు.

బల్ల మీద తెల్ల కాగితం పరిచి కొత్త వాషర్లు నాలుగు, తీసిన పాతవి ఐదు పక్కపక్కన పెట్టాను. ఐదు. కుర్రాడు ఫోటో తీసుకున్నాడు.

వాషరు మొనకి జారిపోకుండా కాస్త గ్రీజు పూత, బోరులోకి నిటారుగా దించడం. ఇంజెక్టరుని నొక్కి పట్టే క్లాంపు బోల్టులు ముందు వేలితో మాత్రమే. తర్వాత పైపులు కూడా వేలితోనే, మరలు దారిలో పడేదాకా. అప్పుడు క్లాంపులు బిగుతు కొలిచే టార్క్ రెంచితో, ఆ తర్వాతే పైపు నట్లు. ఈ వరస తిరగబడితే పైపు ఇంజెక్టరుని పక్కకి లాగి పట్టుకుంటుంది, వాషరు ఒక వైపే నలుగుతుంది. నిరుటి పనిలో ఇదీ జరిగిందని నా అనుమానం, రుజువు లేదు.

ఇప్పుడు ఆ రిటర్న్ పైపు సంగతి. అది కవర్ లోపల ఉందన్నాను కదా. దాని వాషరు ఒకటి కారినా బయట చుక్క కూడా కనపడదు, డీజిల్ నేరుగా ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడి మళ్లీ బేరింగుల మీదికే వస్తుంది. కాబట్టి కవర్ మూసేముందు చేతి పంపుతో రిటర్న్ లైనులో ఒత్తిడి పెట్టి పావుగంట వదిలాం. ముల్లు కదల్లేదు. తర్వాతే కవర్, ఇంజెక్టరు సీళ్లు, అన్నీ కొత్తవి.

ఫిల్టరు మీద చేతి పంపు గట్టిపడేదాకా కొట్టి ఎయిర్ తీశాం. స్కానరులో కోడ్‌లు ఎక్కించడం మొదలుపెడితే రెండోది తీసుకోలేదు. మూడుసార్లు కొట్టాను. నాలుగోసారి కుర్రాడు ఫోటో పెద్దది చేసి చూసి, "గురువుగారూ, ఇది ఎనిమిది కాదు, బీ" అన్నాడు. కళ్ళజోడు నంబరు మార్పించుకోవాలి.

రెండో సెల్ఫ్‌కి అందుకుంది. ఒక పైపు నట్టు దగ్గర తడి. కుర్రాడు వేలు చాచాడు, చెయ్యి మీద ఒక్కటి వేశాను. ఇంజిన్ ఆపి, ఒత్తిడి దిగేదాకా ఆగి, నట్టు సరిచేసి, మళ్లీ స్టార్ట్ చేసి అట్టముక్క పెట్టి చూశాం. పొడి.

సింహాచలం కొండ

షెడ్డు చుట్టూ తిప్పితే ఇలాంటి పని తేలదు. బండిని సింహాచలం కొండకి తీసుకెళ్లాను, బాబాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మూడో గేరులో నెమ్మదించి మళ్లీ తొక్కితే లాగింది. పైకి వెళ్లాక ఐడిలింగ్‌లో వదిలి ఆయిల్ లైటు చూస్తూ పది నిమిషాలు కూర్చున్నాం. వెలగలేదు. బాబాయ్ అప్పన్నకి దండం పెట్టుకుని వచ్చాడు. ఆ లోపల నేను ఆయిల్ మూత తీసి చూశాను. ఊపిరి ఉంది, మెత్తగా, నాలుగూ ఒకేలా. నాలుగు లక్షలు తిరిగిన ఇంజిన్‌కి అంత మాత్రం ఉంటుంది.

ఫీడ్‌బ్యాక్ విలువలు: ప్లస్ 0.4, మైనస్ 0.6, ప్లస్ 0.7, మైనస్ 0.5. కంప్రెషన్ మళ్లీ చూస్తే మూడోది 27కి లేచింది. వాల్వు మీద అనుమానం అక్కడితో తీరింది.

ఆయిల్ మాత్రం ఒక్క మార్పుతో శుభ్రం కాదు. కొత్త ఆయిల్ పాత మసిని కరిగించి మళ్లీ జల్లెడకే చేరుస్తుంది. ఐదు వందల కిలోమీటర్లకి ఒకసారి, రెండు వేలకి ఇంకోసారి ఆయిల్, ఫిల్టరు మార్చాలని, రెండోసారి చాంబర్ మళ్లీ దించుతానని చెప్పాను. "ఇంజెక్టర్ల కంటే నీ ఆయిల్‌కే ఎక్కువ అయ్యేలా ఉంది" అని గొణిగాడు గానీ రెండుసార్లూ వచ్చాడు. రెండోసారి దించితే జల్లెడ మీద నాలుగైదు పొలుసులు, అంతే. కడిగి బిగించాం.

సంక్రాంతి వెళ్లాక వచ్చినప్పుడు లీటరుకి పదకొండున్నర ఇస్తోందన్నాడు. లోపల వాసన లేదు. అరకు కాఫీ పొట్లం ఒకటి తెచ్చాడు. ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో షాఫ్టులో కొంచెం ఆట, అంటే వదులు, ఉంది, ఆయిల్ అందని రోజుల గుర్తు అది. ఘాటీలో సన్నని విజిల్ వేస్తోందట. "వేసవి బేరాలు అయ్యాక చూద్దాంలే బావూ" అన్నాడు. బండి పుస్తకంలో ఆ రోజు కిలోమీటర్లు రాసి, పక్కన టర్బో అని రాసుకున్నాను. జంట వాషర్లు రెండూ షెడ్డులో మేకుకి వేలాడుతున్నాయి. కొత్తగా పనిలో చేరిన పిల్లలు అవేంటని అడుగుతుంటారు.